భూమికి బాకీ తీర్చేదెవరు?

సార్వా కోతలయ్యాక కృష్ణా డెల్టాలో ఒక వూరికి కూలీల సమావేశానికి వెళ్ళాం. రోడ్డుకు రెండువైపులా మిషను కోసిన చేలు మండుతున్నాయి. మాతో నడుస్తున్న ఒక కూలితల్లి ఆ పొగను చూసి, "మా చిన్నప్పుడు ఈ గడ్డికోసం తగువులాడుకునేవాళ్ళం అన్నయ్యా, ఇప్పుడు అగ్గిపెడుతున్నారు" అన్నది. సమావేశంలో ఒక కౌలురైతు తన గోడు చెప్పాడు: "ఇదివరకు ఎకరానికి రెండు కట్టల యూరియాతో సరిపోయేది. ఇప్పుడు మూడేసినా చేను తిరగటంలేదు."

ఈ రెండు మాటలూ ఒకే జబ్బుకు రెండు గుర్తులు.

నల్లమల అడవికి యూరియా చల్లినవాళ్ళెవరు? ఎవరూ లేరు. ఆకు రాలుతుంది. చెదలు, వానపాములు, బూజులు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాన్ని తిని కుళ్ళబెడతాయి. అందులోని నత్రజని, భాస్వరం, పొటాష్ మళ్ళీ మట్టిలో చేరతాయి. వాటినే వేరు పీల్చుకుంటుంది. చెట్టు తిన్నది చెట్టు మొదటికే వస్తుంది. వానకు కొంత కొట్టుకుపోయినా, రాయి అరిగి కొంత, గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవులవల్ల కొంత తిరిగి చేరుతుంది.

మన చేను సంగతి వేరు. పండిన గింజ బస్తాల్లో మిల్లుకు, మిల్లునించి పట్నానికి పోతుంది. టన్ను ధాన్యం పండాలంటే గింజా గడ్డీ కలిపి 15 నించి 20 కిలోల నత్రజనిని పైరు తీసుకుంటుంది. భాస్వరంలో ఎక్కువభాగం గింజతో లారీ ఎక్కుతుంది. పొటాష్‌లో నూటికి 80 వంతులదాకా గడ్డిలో వుంటుంది. పట్నం తిన్న తిండి మురుగై యేట్లో కలుస్తుందే తప్ప మన చేనికి తిరిగి రాదు. మనిషి తిండిగా, బట్టగా వాడుకున్నది నేలకు తిరిగి చేరకుండా పెట్టుబడిదారీ సేద్యం అడ్డుపడుతున్నదని మార్క్స్ 1867 లోనే రాశాడు.

ఇక గడ్డిని తగలబెడితే అందులోని నత్రజని దాదాపు అంతా పొగైపోతుంది. బూడిదలో పొటాష్ మిగులుతుంది గాని, నేలను గుల్లగా వుంచే సేంద్రియ పదార్థం మిగలదు.

వెనకటి సేద్యానికి ఈ బాకీ తీర్చే పద్ధతులున్నాయి. పెంటకుప్ప తోలేవారు. గొర్రెల మందలు కట్టించేవారు. వేసవిలో చెరువుమట్టి వేసేవారు. పిల్లిపెసర, జనుము, జీలుగు చల్లి పూతకు రాగానే కలియదున్నేవారు. వీటి వేర్ల బుడిపెల్లో వుండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. వరి తర్వాత వేసే మినుము చేసేదీ ఆ పనే.

అలాగని పాతరోజులు బంగారమని మేము అనం. ఆ పెంట గంపలు మోసిన నెత్తులు మన తల్లులవి, పాలేర్లయిన మన తండ్రులవి. గాదె నిండింది ఆసామికి. యూరియా విషమనీ మేము అనం. దిగుబడి పెరగటంలో దాని పాత్ర వున్నది. కాని యూరియా ఇచ్చేది నత్రజని ఒక్కటే. వరిచేలో చల్లినదాంట్లో పైరుకు అందేది తరచు సగం కూడా వుండదు. మిగతాది గాలికీ నీటికీ పోతుంది. జింకు తక్కువై ఆకు తుప్పుపట్టినట్టయితే ఎన్ని కట్టలు యూరియా చల్లినా ఆ లోటు తీరదు.

మరి రైతు దానివెంటే ఎందుకు పడుతున్నాడు? తెలివిలేక కాదు. 1992 లో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలమీద అదుపు ఎత్తేసి, యూరియామీద మాత్రం వుంచింది. 2010 లో పోషకాలనుబట్టి సబ్సిడీ అన్నప్పుడూ యూరియాను బయటే వుంచారు. చౌకగా దొరికేదే పేదరైతు కొంటాడు. రైతుకు బుద్ధులు చెప్పే పెద్దలు ఈ సంగతి ఎత్తరు.

అసలు ముడి కౌలులో వున్నది. పశువుల ఎరువులోని నత్రజని మొదటి యేడు కొంతే పైరుకందుతుంది. మిగతాది తర్వాతి యేళ్ళలో నెమ్మదిగా అందుతుంది. వచ్చే యేడు ఆ చేను తనకుంటుందో లేదో తెలియని కౌలురైతు బండ్లకొద్దీ పెంట ఎందుకు తోలతాడు? తోలి నేలను బాగుచేస్తే, ఆసామి కౌలు పెంచి ఇంకొకరికి ఇవ్వడన్న భరోసా వున్నదా? 2019 లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కూడా 11 నెలల పత్రమే ఇచ్చింది. అదీ యజమాని సంతకం పెడితేనే. పదకొండు నెలల్లో నేల బాకీ తీరుతుందా?

భూమి వున్నవాడు చేలో దిగడు. దిగినవాడికి భూమి లేదు. బాకీ పెరుగుతూనే వున్నది.

అందుకని సంఘాలు పట్టుకోవలసిన కోర్కెలు మూడు. యజమాని సంతకంతో పనిలేకుండా కౌలుదారుకు కొన్నేళ్ళపాటు నిలిచే హక్కు కావాలి. పచ్చిరొట్ట విత్తనం సాగుచేసేవాడి చేతికి అదనుకు అందాలి. చెరువు పూడిక తీసి చేలకు చేర్చడం, గడ్డిని కుళ్ళబెట్టి ఎరువు చెయ్యడం ప్రభుత్వ ఖర్చుతో కూలిపనులు కావాలి. మిషను వచ్చి కోతలు పోయిన కూలీకి పని దొరుకుతుంది, నేలకు తిండి దొరుకుతుంది.

ఆ రాత్రి సమావేశంలో ఆ కౌలురైతూ, ఆ కూలితల్లీ ఒకే చాపమీద కూర్చున్నారు. ఈ కోర్కెలమీద ఇద్దరూ చెయ్యెత్తారు. ప్రతి వూళ్ళోనూ వాళ్ళను అలా ఒక్కచోట కూర్చోబెట్టడమే ఇప్పుడు మన పని.