వరి కణకవచాలలో సిలికాన్ పాత్ర
భూపటలంలో ఆక్సిజన్ తరువాత అత్యధికంగా ఉన్న మూలకం సిలికాన్. అయితే వేర్లు గ్రహించగలిగేది నీటిలో సిలిసిక్ ఆమ్లంగా కరిగి ఉన్న స్వల్పభాగాన్ని మాత్రమే. ఈ ఆమ్లాన్ని విశేషంగా గ్రహించే పైరు వరి. దానిని వేరులోనికి చేరవేసే ఎల్‌ఎస్‌ఐ1 జన్యువును జపాన్ శాస్త్రవేత్తలు 2006లో గుర్తించారు.

బాష్పోత్సేకం వలన ఆకులకు చేరిన ఆమ్లం, నీరు ఆవిరైన కొలదీ చిక్కబడి, అవభాసిని క్రిందను, బాహ్యచర్మ కణకవచాలలోను గట్టి సిలికాగా మారుతుంది. ఆ సిలికా తిరిగి కొత్త ఆకులకు తరలదు. కావున ఎదుగుదల కాలమంతటా పైరుకు సిలికాన్ అందుతూ ఉండాలి. ఈ పొర వలన ఆకులు నిటారుగా నిలిచి వెలుతురును చక్కగా గ్రహిస్తాయి. అగ్గితెగులు శిలీంధ్రం లోనికి చొచ్చుకొనిపోవడం, కాండం తొలిచే పురుగు కొరకడం కష్టమవుతాయి. నత్రజని అధికమైనపుడు చేను పడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

పైరు గ్రహించిన సిలికాన్‌లో అధికభాగం గడ్డిలోను, ఊకలోను మిగులుతుంది. ధాన్యంతోపాటు గడ్డిని కూడ ఏటేటా పొలం నుండి తరలించినచో, నేలలో పైరుకు అందే సిలికాన్ తరిగిపోతుంది. గడ్డిని నేలలో కలియదున్నడం, ఊక బూడిదను వేయడం ఈ లోటును కొంతవరకు పూరిస్తాయి. తక్కువ వేడిలో కాలిన బూడిద ఇందుకు మేలు. అధిక వేడికి స్ఫటికంగా మారిన సిలికా సులభంగా కరగదు.