గ్రామఫోను రికార్డుల పరిశుభ్రత

మన పెద్దల యిండ్లలో అటకమీదనో, చెక్కపెట్టె యడుగుననో పాత గ్రామఫోను రికార్డులు కొన్ని యింకను పడియుండును. వానిని పాతసామానులవానికి తూచి యిచ్చుటకు ముందు, అందే గొంతు దాగియున్నదో యొక్కసారి తలంపుడు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు, కపిలవాయి రామనాథశాస్త్రిగారి నాటక పద్యములు, ఘంటసాలవారి పుష్పవిలాపము మన ముంగిళ్లకు వచ్చినది యీ నల్లని పలకలమీదనే. 1902 నవంబరులో కలకత్తాయందు గౌహర్ జాన్ పాడినది మొదలు, 1960 తరువాత కొంతకాలము దనుక, నిమిషమునకు 78 మారులు తిరుగు రికార్డులు మన దేశమున వెలువడుచు వచ్చినవి. 10 అంగుళముల రికార్డు ఒక ప్రక్కను ఇంచుమించు 3 నిమిషములు పాడును. మూలపు టచ్చు నశించినచో, మిగిలిన ప్రతియే ఆ గాయకునకు ప్రాణము.

ఈ రికార్డునకు ముఖ్యద్రవ్యము లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్లపై పురుగులు కూర్చు జిగురే యది. దానిలో రాతిపొడియు మసియు కలిపి అచ్చొత్తుదురు. భారతమందలి లక్కయింటి కథ నెరిగిన మీకు దాని స్వభావము వేరుగ చెప్పనేల? వేడి తగిలిన మెత్తబడి వంగును. అంతకంటె ముఖ్యముగ, లక్క స్పిరిటులో కరగును. కావున స్పిరిటుతో గాని, చేతులకు రాచుకొను శానిటైజరుతో గాని దీనిని తుడువరాదు. తుడిచినచో గాడులు చెడి పాటయే పోవును. 1948లో వెలసిన లాంగ్‌ప్లే రికార్డు వినైలుతో చేసినది. దానికై అమ్ము ద్రవములను దీనికి వాడరాదు.

ముందుగా మెత్తని కుంచెతో పొడిదుమ్మును గాడుల వెంబడినే, గుండ్రముగ తీయవలెను; అడ్డముగ రుద్దరాదు. పిదప స్వేదనజలమున ఘాటులేని సబ్బుద్రవమును ఒకటి రెండు చుక్కలు మాత్రము కలిపి, మెత్తని గుడ్డతో అట్లే తుడిచి, వట్టి స్వేదనజలముతో మరల తుడువవలెను. నడిమి కాగితపు చీటీకి తడి సోకరాదు. రికార్డును నీట నాననీయక, వెంటనే నూలుగుడ్డతో అద్ది, నీడపట్టున నిలువుగ నుంచి యారవలెను. పగిలినవానిని, పెచ్చులూడినవానిని, మైనపు గొట్టములను తడుపక నిపుణులకు విడువుడు.

మా చోడవరమువంటి తావుల వానకాలపు చెమ్మకు బూజు పట్టుట సహజము. కావున ఆరినదానిని పాతసంచిలో గాక క్రొత్త కాగితపు సంచిలో నుంచి, పుస్తకములవలె నిలువుగ పేర్చవలెను. ఒకదానిపై నొకటి దొంతిగ పెట్టిన అడుగువి పగులును. దుమ్ముతో నున్నదానిని గ్రామఫోనుపై పెట్టరాదు. బరువైన ఉక్కుసూది ఆ దుమ్మునే ఆకురాయివలె గాడులలో రాచును.

శుభ్రపరచిన వెంటనే ఆ పాటకు కంప్యూటరు ప్రతి తీయించుట మేలు. ముంబయిలోని భారతీయ రికార్డు సంగ్రాహకుల సంఘమువారు, యంగ్ ఇండియా యను స్వదేశీ కంపెనీ రికార్డులకు బ్రిటిష్ లైబ్రరీవారి సాహాయ్యముతో అట్టి ప్రతులు చేయించిరి. వెండిగిన్నె మసిబారిన మరల తోముకొనవచ్చును. అరగిన గాడికి మరల పాట రాదు. ఈ పనికి కావలసినది ధనము కాదు, ఓరిమియు మెత్తని చేయియు. అవి గృహిణులకు క్రొత్త కావు గదా!