ఏడు వందల అంకె

నేను చదువుకొను దినములలో మా ఉన్నత పాఠశాలయందు ఒక గణితోపాధ్యాయులు ఉండెడివారు. లెక్క అంతయు సరిగా చేసి, చివర సమాధానమునకు ప్రమాణము వ్రాయని విద్యార్థికి వారు ఒక్క మార్కయినను వేసెడివారు కారు. "ఏమి ఏడు వందలు? రూపాయలా, గజములా, గేదెలా?" అని ఎఱ్ఱసిరాతో వ్రాసి పుస్తకము తిరిగి యిచ్చెడివారు. మాకు అది చాదస్తముగా తోచెడిది. ఆ చాదస్తము విలువ నాకు తెలిసివచ్చినది చాలకాలము తరువాత, ఒక విమాన ప్రమాదముపై జరిగిన విచారణ వివరములు చదివినప్పుడు.

ఆ విమానము పేరు ఎయిర్‌బస్ ఎ-320. మధ్యన ఒకే నడవ, దానికి ఇరువైపుల మూడేసి ఆసనములు గల సన్నని విమానము. మన దేశములో దేశీయ విమానయానము దాదాపు అంతయు ప్రభుత్వ సంస్థయైన ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేతిలో ఉన్న కాలమది. ఆ సంస్థ 1986లో 19 ఎ-320 విమానములకు ఒప్పందము కుదుర్చుకొన్నది. తరువాత మరి 12 చేర్చగా మొత్తము 31 అయినవి. అంతకుముందు బోయింగ్ 757 కొనుటకు ఆలోచన సాగి, అది మారి ఈ ఫ్రెంచి విమానము వచ్చుటతో, ఎందుకు మారినదను ప్రశ్న మొదటినుండియు వెంటాడినది. పైగా 1988 జూన్ 26న ఫ్రాన్సులోని హాబ్‌సైమ్ వద్ద, ప్రదర్శనకై తక్కువ ఎత్తున ఎగిరిన ఎయిర్ ఫ్రాన్స్ వారి సరిక్రొత్త ఎ-320 ఒకటి చెట్లలోనికి దూసుకొనిపోయి తగులబడినది. ముగ్గురు మరణించిరి. ఆ దృశ్యమును టెలివిజన్ తెరపై లోకమంతయు చూచినది. ఆ మరుసటి సంవత్సరమే, 1989లో, మన విమానములు రాసాగినవి.

కొనుగోలు సంగతి అటుంచి, విమానములోని క్రొత్తదన మేమో చెప్పవలెను. పూర్వపు విమానములలో చోదకుడు ఒక పెద్ద కాడిని రెండు చేతులతో పట్టుకొని లాగిన, తీగలద్వారా, నూనె ఒత్తిడిద్వారా ఆ లాగుడు రెక్కలకు చేరెడిది. ఎ-320లో కాడి లేదు. ప్రక్కన చిన్న కఱ్ఱ ఒకటి ఉండును. చోదకుడు దానిని కదల్చిన, ఆ కోరిక కంప్యూటరుకు పోవును. కంప్యూటరు ఆలోచించి, తగునన్నంతమేరకు రెక్కలను కదల్చును. ప్రయాణికులను మోయు విమానములలో ఇట్లు అంకాత్మక కంప్యూటర్లద్వారా నడచిన మొదటిది ఇదియే.

ఇంకొక మార్పు దీనికన్న సూక్ష్మమైనది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ చోదకులు ఏండ్లతరబడి నడపిన బోయింగ్ 737లో, ఇంజన్ల శక్తి పెంచుటకు గాని తగ్గించుటకు గాని మీటను చేతితో జరుపవలెను. చేయి చెప్పకయే మనస్సు తెలిసికొనెడిది. ఎ-320లో శక్తిని యంత్రమే సర్దుకొనునప్పుడు మీట కదలదు. ఇంజన్లు గర్జించుచున్నను, నిద్రించుచున్నను మీట ఉన్నచోటనే ఉండును. అప్పుడు యంత్రము ఏ స్థితిలో ఉన్నదో తెలియుటకు ఉన్న దారి, ఎదుటి తెరపై అగ్రభాగమున కనబడు కొన్ని పొడి అక్షరములు. అనగా, చేతితో తెలిసికొనెడి విద్య కంటితో చదువుకొనెడి విద్యగా మారినది. భాషాబోధకుడనగుటచేత కాబోలు, నాకు ఈ మార్పే అన్నిటికన్న ముఖ్యముగా తోచినది.

1990 ఫిబ్రవరి 14. బొంబాయినుండి బెంగుళూరు వచ్చుచున్న 605వ నంబరు సర్వీసు. విమానము తయారై కొన్ని నెలలకు మించలేదు. లోపల 146 మంది. మధ్యాహ్నము ఒంటిగంట వేళ, ఆకాశము నిర్మలముగా ఉన్నది. రన్‌వే కంటికి కనబడుచున్నది. ఎడమ ఆసనములో ఉన్నవారు కెప్టెను బాధ్యతకై పరీక్షింపబడుచున్న చోదకులు. కుడివైపున ఉన్నవారు పరీక్షకులు. ఇద్దరును అనుభవజ్ఞులే, కాని ఈ జాతి విమానమునకు ఇద్దరును క్రొత్తవారే.

నిమిషమునకు 700 అడుగుల వంతున దిగవలెనని వారి ఉద్దేశము. దానికొక తిప్పుడు మీట ఉన్నది. దాని ప్రక్కనే మరియొక తిప్పుడు మీట ఉన్నది. అది ఎంత ఎత్తునకు దిగవలెనో చెప్పునది. దిగు వేగమునకు 700 పెట్టుటకు బదులు, ఎత్తునకు 700 పెట్టియుందురని విచారణాధికారి అభిప్రాయము. తొలి తాకిడికి సుమారు 35 సెకండ్ల ముందు జరిగినదది. బెంగుళూరు విమానాశ్రయము సముద్రమట్టమునకు సుమారు 2,900 అడుగుల ఎత్తున ఉన్నది. సముద్రమట్టమునకు 700 అడుగుల ఎత్తనగా నేలకు రెండువేల అడుగుల దిగువన ఉన్న చోటు! యంత్రము అడుగలేదు. చెప్పినదానిని విధేయతతో స్వీకరించి, ఇంజన్లను కనిష్ఠ శక్తికి దించి, ఆ చోటికి బయలుదేరినది.

ఇదంతయు గుట్టుగా జరుగలేదు. తెరపై అక్షరములు ఉన్నవి. చోదకులలో ఒకరు ఆ అక్షరములు చదివిరి కూడ. విమానము ఇంజన్లు నెమ్మదించిన స్థితిలో దిగుచున్నదని పైకే అనిరి. ఆ స్థితినుండి యంత్రమును తప్పించుటకు ఇద్దరి ఎదుట ఉన్న మార్గదర్శక సూచికలు రెండును ఆపివేయవలెను. ఒకటి ఆపిరి, రెండవది ఆగలేదు. ఒకటి ఆగిన చాలదు. ఉండవలసిన వేగము 132 నాట్లు; అది క్రమముగా 106 నాట్లకు పడిపోయినది. ఈలోగా విమానములోని కృత్రిమ కంఠము నేలనుండి ఎత్తును చదువుచునే ఉన్నది: నాలుగు వందలు, మూడు వందలు, రెండు వందలు. మీటను చేతితో ముందుకు త్రోసిన చాలును. త్రోసిరి, చివరి క్షణములలో. యంత్రము కూడ ప్రమాదమును గుర్తించి తనంతతానే పూర్ణశక్తి నడిగినది. కాని నిద్రనుండి లేచిన ఇంజను పుంజుకొనుటకు కొన్ని క్షణములు పట్టును. ఆ క్షణములు లేవు. రన్‌వేకు ముందున్న గోల్ఫు మైదానమును తాకి, ఎగిరి, మరల పడి, గట్టును ఢీకొని విమానము తగులబడినది. 92 మంది మరణించిరి. చోదకు లిద్దరును వారిలోనివారే.

అప్పుడు నేను కళాశాల విద్యార్థిని. హాస్టలు పఠనమందిరములో పత్రిక ఒక్కొక్క పుట ఒక్కొక్కరి చేతిలో ఉండెడిది. మరుసటి దినములలో మా వాదములు రెండే: విమానము చెడ్డదని కొందరు, చోదకులు తప్పుచేసిరని కొందరు. దేశములో పెద్దల వాదములును ఇంతకన్న మించినవి కావు. ప్రభుత్వము మిగిలిన ఎ-320లన్నిటిని నేలకు దించివేసినది. నెలలతరబడి అవి ఎండలో నిలిచినవి. ఆ యేడే కొనుగోలుపై సి.బి.ఐ. కేసు నమోదయినది. కొనుగోలులో దోషమున్నచో అది న్యాయస్థానమున తేలవలసినదే గాని, దానికి, గోల్ఫు మైదానముపై పడిన విమానమునకు ముడిపెట్టుట తర్కము కాదు. కాని దుఃఖములో ఉన్నవారు తర్కము నడుగరు. ఆనాడు నేనును అడుగలేదు.

విచారణ జరిపినవారు కర్ణాటక ఉన్నత న్యాయస్థాన న్యాయమూర్తి కె. శివశంకర భట్. యంత్రములో లోపము కనబడలేదనియు, ఇంజన్లు కనిష్ఠ స్థితిలో ఉన్నవని తెలిసియు, ఎత్తును చదువు కంఠము వినిపించియు, చోదకులు పరిస్థితి తీవ్రతను గ్రహించి వెంటనే మీటలను జరుపకపోవుటయే ప్రమాదమునకు కారణమనియు నివేదిక తేల్చినది. మీటలు రెండును ఒకదాని కొకటి చేరువగా ఉన్న విషయమును కూడ అది విడువలేదు.

తీర్పు సరియైనదే. అయినను ఉపాధ్యాయునిగా నాకు అందు ఒక చిక్కు కనబడును. తరగతిలో ఒక విద్యార్థి తప్పు వ్రాసిన అది వాని తప్పు. పరీక్షకుడే ఆ తప్పు చేసినప్పుడు ఎవరిని తిట్టవలెను? కుడి ఆసనమున ఉన్నది పరీక్షకులని మరువరాదు. క్రొత్త లిపిని బోధించు గురువే ఆ లిపిని నిన్న మొన్న నేర్చినవాడైనచో, పాఠశాల ఎట్లు నడచును? విమానములు నెలకొకటిగా వచ్చుచుండును. వాటిని చదువగల కన్నులు అంత వేగముగా రావు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి కేంద్ర శిక్షణాలయము మన హైదరాబాదులోనే ఉండెడిది. అక్కడ కృత్రిమ చోదకపీఠములలో కూర్చుండి తరువాతి తరము చోదకులు ఈ లిపిని నేర్చిరి. ఆ ఊరినుండి ఎ-320లో ఎగిరినవారిలో ఎందరికి ఈ సంగతి తెలియునో చెప్పలేను.

నేలకు దించిన విమానములు మరల ఎగిరినవి. మన బలహీనమైన రన్‌వేల కొఱకు ఒక్కొక్క ప్రక్క రెండు చక్రములకు బదులు నాలుగు చక్రములు పెట్టించుకొన్న ఆ విమానములు ఇరువది యేండ్లకు పైగా మనలను మోసినవి. 2006లో ఇండిగో సంస్థ ఎ-320లతోనే మొదలైనది. 2023లో ఒక్కమారే ఈ కుటుంబమునకు చెందిన 500 విమానములకు ఉత్తర్వు ఇచ్చినది. ఒకనాడు శపింపబడిన పేరు నేడు బస్సు పేరువలె సామాన్యమైనది. ఇటీవలి బోయింగ్ 737 మాక్స్ వివాదమును దీనితో పోల్చువారున్నారు గాని, నాకు పోలిక పూర్తిగా కుదిరినట్లు తోచదు. 2018, 2019 సంవత్సరములలో 346 మంది ప్రాణములు తీసిన ఆ రెండు ప్రమాదములలో, విమానపు ముక్కును క్రిందికి త్రోయు ఏర్పాటు ఒకటి ఉన్నదని మొదట చోదకుల పుస్తకములోనే వ్రాయలేదు. బెంగుళూరులో అక్షరము ఉన్నది. అక్కడ అక్షరమే లేదు.

బెంగుళూరు ప్రమాదమునకు రెండేండ్ల తరువాత, 1992 జనవరి 20 రాత్రి, ఫ్రాన్సులో స్ట్రాస్‌బూర్ సమీపమున మరియొక ఎ-320 కొండను ఢీకొన్నది. 87 మంది మరణించిరి. అక్కడ చిక్కుపెట్టినది రెండు మీటలు కూడ కావు, ఒకే మీట. దానిని ఒక విధమున ఉంచిన దిగు కోణము చెప్పును, మరొక విధమున ఉంచిన దిగు వేగము చెప్పును. 3.3 డిగ్రీల కోణమున దిగవలెనని చోదకులు అనుకొని, 33 అని ఉన్న అంకెను చూచియుందురని పరిశోధకులు భావించిరి. ఆ 33కు అర్థము నిమిషమునకు 3,300 అడుగులు. ప్రమాణము లేదు, చివరి రెండు సున్నలు లేవు. ఆ ప్రమాదము పిమ్మట ఎయిర్‌బస్ వారు తెరను మార్చిరి. దిగు వేగమును ఇప్పుడు నాలుగు అంకెలతో, సున్నలు విడువక, పూర్తిగా చూపుదురు.