బాల్టిక్ చలి నుంచి వనస్థలిపురం ఎండకు

హైదరాబాద్ వనస్థలిపురం కాలనీల్లో పొద్దున్నే నడకకు బయల్దేరేవాళ్లకు గేటు సందుల్లోంచి వినిపించే బొచ్చుకుక్కల అరుపులు బాగా అలవాటు. పాలవాడు వచ్చినా, పేపరు పడినా, పక్కింటి స్కూటరు కదిలినా ముందు పలికేది అవే. ఏ జాతి అనడిగితే ఇంటివాళ్లు ఠక్కున పొమేరియన్ అంటారు. నిజానికి వాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. ఆరేడు కిలోల బరువుంటాయి, మూతి కాస్త పొడుగు. బ్రిటిష్‌వాళ్ల హయాంలో వచ్చిన స్పిట్జ్ కుక్కల సంతతే మన వాతావరణానికి అలవాటుపడి ఇలా స్థిరపడింది.

1980, 90 దశకాల్లో విదేశీ కుక్కల దిగుమతి కష్టంగా ఉన్నప్పుడు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది ఇదే. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ తెలుగులో ‘ప్రేమాలయం’గా ఆడింది. అందులో కథను మలుపు తిప్పిన టఫీ కూడా ఇండియన్ స్పిట్జే.

అసలు పొమేరియన్ ఇంతకన్నా చాలా చిన్నది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం దాని బరువు 1.4 నుంచి 3.2 కిలోలు. ఒంటిచేత్తో ఎత్తుకోవచ్చు. అయితే దాని పూర్వీకులు ఇంత బుల్లివి కావు. బాల్టిక్ సముద్రతీరంలో, నేటి పోలండ్, జర్మనీల మధ్య పరుచుకున్న పొమేరేనియా ప్రాంతం పేరే ఈ జాతికి వచ్చింది. మంచుదేశాల్లో బళ్లు లాగిన పెద్ద స్పిట్జ్ కుక్కల వంశం దీనిది. 1767లో ఇంగ్లండు రాణి షార్లెట్ తెప్పించుకున్నవి కూడా పెద్ద కుక్కలే. చిత్రకారుడు గెయిన్స్‌బరో 1777 ప్రాంతంలో గీసిన తల్లికుక్క, పిల్ల చిత్రం చూస్తే ఆ సైజు అర్థమవుతుంది.

బుల్లి పొమేరియన్‌కు గిరాకీ తెచ్చింది విక్టోరియా రాణి. 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఆమెకు మార్కో అనే పొమేరియన్ దొరికింది. బరువు ఐదున్నర కిలోల లోపే. రాణిగారు ముచ్చటపడ్డాక జనమూ చిన్నవాటినే కోరారు, పెంపకందార్లు చిన్నవాటినే జతకట్టించారు. ఆమె జీవితకాలంలోనే జాతి సైజు దాదాపు సగానికి తగ్గింది. 1901లో చివరి గడియల్లో ఆమె తన పొమేరియన్ టూరీని మంచం మీదికి తెప్పించుకుంది.

అలాగని ఆ చిన్న సైజును మనుషులే పుట్టించారనుకోనక్కర్లేదు. కుక్కల సైజును ఎక్కువగా శాసించే ఐజీఎఫ్1 జన్యువు దగ్గర చిన్న ఒంటికి కారణమైన మార్పు ఒకటుంది. అది సుమారు 54 వేల ఏళ్ల నాటి సైబీరియా తోడేలు డీఎన్‌ఏలో కూడా కనిపించిందని 2022లో పరిశోధకులు వెల్లడించారు. ఎన్నాళ్లనుంచో ఉన్నదాన్నే మనిషి ఏరి పెంచాడన్నమాట.

ఒళ్లు తగ్గినా స్వభావం తగ్గలేదు. కొత్త మనిషి కనబడితే ఊరుకోదు, తనకు పదింతలున్న కుక్క మీదికైనా ఉరుకుతుంది. తెలివైంది, చెప్పింది త్వరగా పట్టేస్తుంది. చిన్నప్పుడే నేర్పకపోతే మాత్రం మొరుగుడు ఆపడం కష్టం. మోకాలిచిప్ప పక్కకు జారడం, శ్వాసనాళం మెత్తబడి కుంగడం, పళ్లు త్వరగా పాడవడం దీనికి తరచు వచ్చే బాధలు. మెడకు పట్టీ బిగించి గొలుసు లాగితే శ్వాసనాళానికి ఇంకా చేటు. ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్ వాడాలి. సోఫా మీంచి దూకనివ్వకపోవడం మోకాళ్లకు మంచిది.

మన దగ్గర అసలు పరీక్ష మే నెల. పైన పొడుగు బొచ్చు, లోపల దట్టమైన మెత్తటి నూగు... రెండు పొరల ఈ కోటు చలిదేశం కోసం తయారైంది. జాలిపడి నున్నగా గీయించేవాళ్లున్నారు. అది మేలు కాదు. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, బొచ్చు మళ్లీ సరిగా రాకపోవచ్చు. రోజూ దువ్వి ఊడిన నూగు తీసేయడం, నీడలో చల్లటి నీళ్లు పెట్టడం, తారు రోడ్డు కాలకముందే తిప్పుకురావడం చాలు. ఎండపూట నాలుక బయటపెట్టి ఆగకుండా రొప్పుతూ తూలితే, చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. నగరంలో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.

కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ‘టీకప్’ అనే జాతి ఏ కెన్నెల్ క్లబ్ జాబితాలోనూ లేదు. అరచేతిలో ఇమిడిపోతోందని అమ్మేది ఒక్కోసారి తల్లిపాలు మానని పసికూనే కావచ్చు. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఆ కాగితం చూపించమని అడగాలి, తల్లికుక్కను కళ్లారా చూడాలి. పిల్ల ఎంత పెరుగుతుందో, దాన్ని ఎలాంటి చోట పెంచారో తల్లిని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.