మీకు తెలుసా? వైరులో 0.2 మిల్లీమీటర్ల తేడా

0.8 మిల్లీమీటర్ల మిగ్ వెల్డింగ్ వైరులో, అంతే పొడవున్న 0.6 వైరులో కంటే దాదాపు 78 శాతం ఎక్కువ లోహం ఉంటుంది! కంటికి ఆనని తేడా, కానీ వైరు లావు కాస్త పెరిగినా లోహం ఆ లావు వర్గం లెక్కన పెరుగుతుంది. దాన్ని కరిగించడానికి కరెంటూ ఎక్కువే కావాలి. కారు డోరు, ఫెండర్ల రేకు మందం చాలావరకు 0.7–0.8 మిల్లీమీటర్లే. అంత పల్చటి రేకు ఆ వేడికి వంకర తిరుగుతుంది, లేదా బొక్క పడుతుంది. అందుకే టింకరింగ్ పనికి 0.6 వైరే మేలు. వైరుతో పాటు ఫీడ్ రోలర్ గాడి, టార్చి టిప్పు కూడా అదే సైజువి వేయాలి, ఇది తప్పనిసరి.

ఎక్కువగా వాడే రకం ఈఆర్70ఎస్-6. అందులోని 70 అంటే, వెల్డు లోహం చదరపు అంగుళానికి కనీసం 70,000 పౌండ్ల లాగుడును తట్టుకుంటుందని. దీనిలోని సిలికాన్, మాంగనీసు కొద్దిపాటి తుప్పును సర్దుకుంటాయి. అయినా రేకును మెరిసేదాకా గ్రైండ్ చేయాల్సిందే.

గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ కోర్ వైరు వేస్తే సాధారణంగా టార్చిని నెగటివ్‌కు కలపాలి. గ్యాస్‌తో నడిచే సాలిడ్ వైరుకైతే పాజిటివ్‌కు.