సందక్‌ఫూ దారిలో తొలితరం ల్యాండ్ రోవర్లు

డార్జిలింగ్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో, నేపాల్ సరిహద్దును ఆనుకుని మానేభంజన్ అనే చిన్న ఊరుంది. పాత కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు అక్కడి టాక్సీ స్టాండు దాటి ఓ పట్టాన కదలరు. పరాయి దేశాల్లో మ్యూజియంలకెక్కిన 1950ల నాటి ల్యాండ్ రోవర్లు ఇక్కడ కిరాయికి తిరుగుతున్నాయి. మనుషుల్నీ సామాన్లనీ వేసుకుని 3,636 మీటర్ల ఎత్తునున్న సందక్‌ఫూ దాకా 31 కిలోమీటర్ల కొండదారి ఎక్కుతాయి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో ఉక్కుకు కరువొచ్చింది. పొలం పనికీ రోడ్డుకీ పనికొచ్చే బండిని తలపెట్టిన రోవర్ కంపెనీ ఇంజినీరు మారిస్ విల్క్స్ బృందం, బాడీకి అల్యూమినియం మిశ్రమలోహపు రేకు వాడింది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో ఆ బండి ల్యాండ్ రోవర్ పేరుతో జనం ముందుకొచ్చింది. ఉక్కులా తుప్పు పట్టని ఆ రేకు, వానా పొగమంచూ వదలని ఈ కొండల్లో బాగా అక్కరకొచ్చింది. తేయాకు తోటల బ్రిటిష్ దొరలు తెచ్చుకున్న బండ్లు, వాళ్లు వెళ్లిపోయాక స్థానికుల చేతికొచ్చాయి.

వయసు పోల్చుకునేదెలా?

ముందు హెడ్‌లైట్లు చూడాలి. అవి రేడియేటర్ ముందున్న జాలీ వెనకాల ఉంటే మొట్టమొదటి బండ్లలో ఒకటన్నమాట. 1960ల చివర్లో లైట్లు మడ్‌గార్డుల మీదికి జరిగాయి. తర్వాత పక్క రేకులు చూడాలి. పలకలా చదునుగా ఉంటే తొలి మోడల్ సిరీస్ వన్. కిటికీ కింద ఉబ్బెత్తుగా ఒంపు తిరిగితే 1958లో మొదలైన సిరీస్ టూ, లేదా ఆ తర్వాతిది.

బానెట్ ఎత్తితే మాత్రం లెక్క మారిపోతుంది. చాలా బండ్లలో పాత పెట్రోలు ఇంజిన్ స్థానంలో మహీంద్రా డీజిల్ ఇంజిన్ కూర్చుంది. దొరకని విడిభాగాలను స్థానిక మెకానిక్‌లే మలుచుకుంటారు. ఇన్నేళ్లూ ఈ బండ్లు కదులుతున్నాయంటే ఆ చేతుల చలవే.

సందక్‌ఫూ దారిలోని గైరీబాస్ దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది. నిటారు ఎత్తు, మెలికల మీద మెలికలు. డ్రైవరు లో గేరు వేసి, నాలుగు చక్రాలకూ శక్తి అందించి, నడక వేగంతో ఎక్కిస్తాడు. కమాను పట్టీల మీద ఊగే బండిలో ప్రయాణికులు పైకమ్మీ పట్టుకుని కూర్చోవాల్సిందే. పైకి చేరాక ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్ట్, కాంచనజంగ, లోత్సే, మకాలు శిఖరాలు కనిపిస్తాయి.

ఒకప్పుడు ఇది గుండ్రాళ్లు తేలిన బాట. అప్పట్లో ల్యాండ్ రోవరే దిక్కు. కాంక్రీటు పడ్డాక బొలేరోలు కూడా ఎక్కేస్తున్నాయి. కిరాయి తగ్గితే పాత బండికి మరమ్మతు చేయించే స్తోమత యజమానికి ఎక్కడిది? అందుకే సందక్‌ఫూ వెళ్లేవాళ్లు స్టాండులో ల్యాండ్ రోవర్ కావాలని అడిగి మరీ ఎక్కాలి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఈ దారి సాగే సింగలీలా నేషనల్ పార్కు మూసేస్తారు కాబట్టి, అక్టోబరు, నవంబరు నెలలకు ప్రయాణం పెట్టుకుంటే మేలు.