పిట్టలు గూడు కట్టుకోని నేల

సెలవుల్లో ఊరికి పోయి గొర్రెలు, మేకలు కాసినవాళ్ళు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట దారిలో పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోలను చూడటానికి అందరూ పోతారు. గడ్డినేలలో తిరిగే చిన్న పిట్టలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. వాటి కష్టం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

కౌజు, పూరేడు, తీతువు, భరతపక్షి చెట్టు మీద గూడు కట్టవు, నేల మీదే గుడ్లు పెడతాయి. మన నాటు గడ్డి కుదుళ్ళు కుదుళ్ళుగా పెరుగుతుంది. ఆ సందుల్లో పిల్లలు నడుస్తూ గింజలు, పురుగులు ఏరుకుంటాయి. నక్క వస్తుంటే తల్లిపిట్టకు దూరం నుంచే కనబడాలి. అందుకే వాటికి తెరపి నేల కావాలి.

ఆ తెరపిని మూసేస్తున్నది సర్కారు తుమ్మ. ఇది అమెరికా ఖండాల చెట్టు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు దొరుకుతుందన్న మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. కానీ తియ్యటి కాయలను పశువులు తింటాయి, గట్టి విత్తనాలు అరగక పేడలో పడి మొలుస్తాయి. శ్రీహరికోటలో 1970లలో రాకెట్ కేంద్రం కోసం ఊళ్ళు ఖాళీ చేసినప్పుడు మిగిలిపోయిన పశువులు అడవి పశువులయ్యాయి. అవీ ఈ విత్తనాలను మోశాయి. చెట్టు కమ్ముకున్నచోట కింద గడ్డి బతకదు. పైన కాకులు, డేగలు కూర్చుని గూళ్ళను కనిపెడతాయి.

చెట్లే కాదు, పరాయి గడ్డి కూడా ఇదే పని చేస్తుంది. మన దేశానికి, ఆఫ్రికాకు సొంతమైన అంజన్ గడ్డిని పశువుల మేతకని అమెరికా తీసుకుపోయారు. అక్కడ అది సందు లేకుండా అల్లుకుంది. టెక్సాస్‌లో నాటు గడ్డి ఉన్నచోటకన్నా పరాయి గడ్డి ఉన్నచోట నేల మీద మేసే పిట్టలు తక్కువగా ఉన్నాయని పరిశోధకులు గమనించారు. మనకు మేలు చేసే గడ్డే అక్కడ కీడయింది. తప్పు గడ్డిది కాదు, చోటు మార్చినవాళ్ళది.

సర్కారు తుమ్మంతా చెడ్డదని కూడా అనలేం. పావురాలు, పిగిలిపిట్టలు దానిమీద గూళ్ళు పెడతాయి. ఎన్నో పేదిళ్ళలో పొయ్యి దాంతోనే మండుతుంది, బొగ్గు కాల్చి బతికేవాళ్ళున్నారు. కాబట్టి ఊరి పక్క ఉన్నదాన్ని వాడుకోవాలి, గడ్డినేలలోకి కొత్తగా రానీయకూడదు. పైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది. వానాకాలంలో మొలకగా ఉన్నప్పుడే వేళ్ళతో పెరికెయ్యాలి.

బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్ళపాడును అభయారణ్యం చేశారు. ఇప్పుడు ఆ పిట్ట అక్కడ కనబడటమే గగనం. దేశం మొత్తంలో దాదాపు 150కి మించి లేవు. దానికి వేట, సాగు, కరెంటు తీగలు వంటి కారణాలు చాలా ఉన్నాయి. గడ్డినేలను ‘బంజరు’ అని చిన్నచూపు చూడటమూ వాటిలో ఒకటి.

ఏటా వనమహోత్సవానికి మనచేత మొక్కలు నాటిస్తారు. ఈసారి గుంత తవ్వేముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. అక్కడ తీతువు గుడ్లు ఉంటే, ఆ మొక్కను బడి ఆవరణలోనో బాట పక్కనో నాటండి.